మూడు చుట్ల పట్టుపోగు

కాంపౌండరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వాడు కనబడితే చాలు, కుర్రవాళ్లు కలరా గురించి అడుగుతారు, ప్లేగు గురించి అడుగుతారు. మీకు భయం వేయలేదా అంటారు. ఆ రోజుల్లో భయపడడానికి తీరిక ఉండేది కాదు. అవన్నీ ఇప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నాకు ఏ రోజు ఏం జరిగిందో వరసగా గుర్తున్నది ఒక పులిపిరి కాయ సంగతి. నవ్వకండి. ఈ కొలువులోకి కొత్తగా వస్తున్నవాళ్లు పెద్ద జబ్బుల దగ్గర ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు. నేను తప్పు చేసింది జబ్బే కాని జబ్బు దగ్గర.

నాకు పని నేర్పింది వేలూరు ఆస్పత్రిలో పెద్ద కాంపౌండరు. మందులు కలపడం కంటే ముందు ఆయన నాకు నేర్పింది గుర్రం తోకలో వెంట్రుక తేవడం. కోట దగ్గర జట్కాల అడ్డాకు వెళ్లి, బండివాణ్ణి బతిమాలి, రెండు మూడు వెంట్రుకలు పీక్కుని రావాలి. గుర్రం తన్నకుండా చూసుకోవడం నా పూచీ. ఒకసారి సులువుగా దొరికిందని తెల్ల గుర్రానివి తెచ్చాను. ఆయన వాటిని వేలికి చుట్టి చూసి, కిటికీలోంచి పారేశాడు.

"తెల్లది చర్మంలో కలిసిపోతాది నాయనా. కట్టినవాడికి కట్టు కనబడాల. నల్లది తే పో," అన్నాడు.

ఆ నల్ల వెంట్రుకలను ఉడికించి, కార్బాలిక్ నీళ్లలో వేసి సీసాలో ఉంచేవాళ్లం. మెడమీద, చంకల్లో కొందరికి సన్నటి కాడతో చిన్న చర్మపు కాయలు వేలాడుతుంటాయి. ఒళ్లు చేసినవాళ్లకు, చర్మం ముడతపడి రాసుకునే చోట ఎక్కువగా వస్తాయి. వాటివల్ల ప్రమాదం లేదు, ఒకరినుంచి ఒకరికి అంటవు. గొలుసుకో చొక్కాకో తగులుకుని చిరాకు పెడతాయి, అంతే. ఆ కాడకు వెంట్రుక కట్టి రోజూ కాస్త బిగిస్తే రక్తం అందక వారంలో ఎండి రాలిపోతాయి. వేళ్లమీద వచ్చే గరుకు పులిపిరి సంగతి వేరు. దానికి కాడ ఉండదు, చర్మంలోకి కూర్చుని ఉంటుంది.

"మెడ లేనిదానికి ఉరి వేయాలని చూడొద్దప్పా," అనేవాడు పెద్ద కాంపౌండరు. ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. విన్నన్నిసార్లూ నవ్వాను కూడా.

అక్కడినుంచి నన్ను గుడియాత్తం డిస్పెన్సరీకి మార్చారు. చిన్న డిస్పెన్సరీ. ఒక డాక్టరుగారు, నేను, ఒక వంటామె, ఊడ్చే మనిషి. డాక్టరుగారు పొడి మనిషి. పొడుం పీల్చేవారు, మాట మాత్రం పొదుపు. ఎవరైనా ఒంటిమీద కాయ చూపిస్తే మూడు ప్రశ్నలు వేసేవారు. ఈమధ్య పెరిగిందా, రక్తం కారిందా, రంగు మారిందా? మూడింటికీ లేదంటే, "దాని మానాన దాన్ని ఉండనీ," అని పంపేసేవారు. ఏ ఒక్కదానికి అవునన్నా చీటీ రాసి వేలూరు పొమ్మనేవారు. రోగులకు ఈ పద్ధతి నచ్చేది కాదు. ఎండలో నడిచి వచ్చినవాడికి ఉండనీ అంటే ఏం నచ్చుతుంది? వాళ్లకు నా వెంట్రుక నచ్చింది. ఆరునెలలు తిరక్కుండా నేను ఊళ్లో గుర్రపు వెంట్రుక కాంపౌండరునైపోయాను. సంతలో కూరగాయలమ్మే ఆమె కూడా ఆ పేరుతోనే పిలిచేది. నేను కోప్పడినట్టు నటించేవాణ్ణిగానీ లోపల ఉబ్బిపోయేవాణ్ణి.

నేను రాకముందు జనం తమ తిప్పలు తాము పడేవాళ్లు. సున్నంలో చాకలి సోడా కలిపి పెట్టుకునేవాళ్లు, చాకలివాళ్లు బట్టలకు గుర్తుపెట్టే నల్లజీడి రసం పూసుకునేవాళ్లు. కాయతోపాటు చుట్టూ చర్మం కాలి పుండై మా దగ్గరికి వచ్చేవాళ్లు. ఏమీ చేతగానివాళ్లు అమ్మవారికి ఉప్పూ మిరియాలూ పోస్తామని మొక్కుకునేవాళ్లు. నేను ఆ మొక్కును చూసి నవ్వితే డాక్టరుగారు పొడుం డబ్బీ మూసి, "ఉప్పూ మిరియాలూ ఎవరి చెయ్యీ కాల్చలేదు గదయ్యా. మొక్కుకున్నవాడు ఊరికే కూర్చుంటాడు. ఊరికే కూర్చుంటే పులిపిరి చాలామందికి దానంతట అదే పోతుంది," అన్నారు. ఆయన నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

ఇక అసలు సంగతి.

గుడియాత్తంలో మన తెలుగు నేతవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడినవాళ్లు. ఒకనాడు ఆ వీధినుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మెడమీద కాడ ఉన్న కాయ ఒకటి, తాళి తాడుకు తగులుకుని ఎర్రబడి ఉంది. నేను నల్లవెంట్రుక తీసి కట్టాను. నేను ముడి వేస్తుంటే ఆమె చేతి అద్దంలో కన్నార్పకుండా చూసింది. రోజూ వచ్చి బిగించుకుపోయింది. ఎనిమిదో రోజున కాయ రాలిపోయింది. దాన్ని తమలపాకులో పెట్టి తెచ్చి నాకు చూపించింది.

"ఎంత సులువప్పా! నొప్పే లే," అంది. తర్వాత కుడిచెయ్యి చాచింది. "దీనికీ కట్టు నాయనా."

చూపుడువేలి కొసన, గోరు కింది కండమీద, శనగగింజంత పులిపిరి. బొటనవేలిమీద దానికి ఎదురుగా ఇంకొకటి. రెండింటికీ కాడ లేదు. కట్టడానికి కుదరదని చెప్పి, సాలిసిలిక్ మందు కలిపిన పూత ఇచ్చాను. రోజూ వేణ్ణీళ్లలో నానబెట్టి, పైపొర గీకి, కాయమీద మాత్రమే పూయాలి, ఒకటి రెండు నెలలు పడుతుందని చెప్పాను. ఇంతవరకూ నేను చెప్పింది సరిగ్గానే ఉంది.

ఆమె ముఖం వాడిపోయింది. "రెండు నెలలా? శుక్రవారం పడుగు వస్తాదప్పా. పట్టు పడుగు."

అప్పుడు చెప్పుకొచ్చింది. వాళ్లింట్లో తాతలనాటినుంచి నూలు లుంగీలే నేసేవాళ్లు. మొదటిసారి ఆరణి వర్తకుడొకడు పట్టు పని ఇస్తానన్నాడు. పాత పోగుల కొసలు ఉన్న దువ్వెనలాంటి మగ్గపు అచ్చుతో సహా పడుగు, అంటే నిలువు పోగులు, పంపిస్తాడు. ఆ పాత కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా చూపుడువేలు, బొటనవేలు మధ్య మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ పని ఆమెదే. మగ్గం మీద కూర్చునేది మొగుడు. నూలు పోగు ఎలాగో ఓర్చుకుంటుందిగానీ పట్టుపోగు పులిపిరి గరుకుకు తగిలి పీచులేస్తుంది, తెగుతుంది. మొదటి పడుగే పాడైతే వర్తకుడు రెండోది ఇవ్వడు. పక్కవీధిలో అడిగేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

"ఎట్లైనా సీక్రం పోయేదానికి ఏదన్నా చెయ్యప్పా," అని నిలబడింది.

అప్పటికి వరండాలో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. చూసేవాళ్లుంటే నా నోరు ఒకచోట ఆగేది కాదు. "వెంట్రుక కట్టడం ఏమంత విద్యమ్మా? పొద్దున లేస్తే ముడులు వేసేవాళ్లు మీరు. మీకు తెలియని ముడి నాకు తెలుసా? నాకంటే బాగా మీరే కట్టుకుంటారు," అన్నాను. వరండా అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నా మాట నిజమేననుకుని పూతసీసా కొంగున ముడేసుకుని వెళ్లింది. నేను తర్వాతి మనిషిని పిలిచాను.

అయిదో రోజున, శుక్రవారానికి ముందు రోజు, ఎండ బాగా ఎక్కాక మొగుడు ఆమెను పట్టుకుని తీసుకొచ్చాడు. చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. విప్పి చూశాను. చూపుడువేలు కొస కణుపు వాచి, వంకాయ రంగులో ఉంది. కొసను ముట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఏం చేశావమ్మా?"

"కట్టుకొన్నా నాయనా. వర్తకుడు మచ్చుకిచ్చి పోయిన పట్టుపోగుతో."

కాయకు కాడ లేదు గనక పోగు నిలవలేదట, జారిపోయిందట. అందుకని కాయకు కిందుగా, వేలి చుట్టూనే కట్టుకుంది. మూడురోజులు వదులుగానే ఉంచింది. పడుగు వచ్చే రోజు దగ్గరపడుతున్నా కాయ రాలడం లేదని ముందురోజు మధ్యాహ్నం బిగించింది. నేను ఆమె మెడమీద రోజూ బిగించినట్టే. నేతవాళ్ల ముడి మీరు చూసే ఉంటారు. లాగినకొద్దీ బిగుస్తుందిగానీ వెనక్కి జారదు. మగ్గంమీద జారితే వాళ్ల బతుకు నడవదు.

కత్తెర తీసుకుని పోగు కోసం వెతికాను. కనబడలేదు. పోగు ఎర్రది, వేలు ఎర్రగా, నల్లగా ఉబ్బి దాన్ని లోపలికి మింగేసింది. ఒక గాడి మాత్రం కనబడుతోంది. తెల్ల వెంట్రుకలు కిటికీలోంచి పారేసిన పెద్దాయన అప్పుడు గుర్తొచ్చాడు.

డాక్టరుగారు కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వేలూరు వెళ్లారు. రైలు సాయంత్రానికి గాని లేదు. అప్పటిదాకా ఆగితే ఆ వేలి కొస దక్కదని చూస్తేనే తెలుస్తోంది. మత్తుమందు డాక్టరుగారి బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. నాకు కోసే అధికారం లేదు. గడ్డ చిట్లించడం వరకే నా హద్దు.

"పని చేసే వేలప్పా అది," అన్నాడు మొగుడు.

వేలికి రక్తనాళాలు రెండు పక్కలా ఉంటాయి. గోరున్న వైపున మధ్యలో, నిలువుగా కోస్తే వాటికి దెబ్బ తగలదు. అడ్డంగా మాత్రం కోయకూడదు. పెద్ద కాంపౌండరు ఒక జట్కావాడి వేలికి ఇరుక్కున్న ఇత్తడి ఉంగరం తీస్తూ ఈ సంగతి నాకు చెప్పాడు. చిన్న కత్తి ఉడికించాను. ఆమెను బల్లమీద పడుకోబెట్టాను. మొగుడు మోచెయ్యి పట్టుకున్నాడు.

"ముడి ఎక్కడుందమ్మా?"

"గోరుకు ఎడమపక్క. ముడిమింద కోయొద్దు నాయనా, అది కోసినా విడదు. పక్కన పోగును కొయ్యి. మూడు చుట్లు చుట్టినా."

గాడి మీదుగా నిలువుగా కోశాను. ఆమె పళ్లు బిగించి పైకప్పు చూస్తూ ఉంది. నల్లటి రక్తం వచ్చింది. తుడిచి చూస్తే లోపల ఎర్రటి గీత. కొక్కెంతో ఎత్తి తెంపాను. పక్కనే రెండోది, దాన్నీ తెంపాను. వేలి రంగు కాస్త తేలికపడింది. హమ్మయ్య అనుకుని గుడ్డ చుట్టబోయాను.

"రెండే తెంపినావు," అంది.

"అయిపోయిందమ్మా. రంగు తిరుగుతోంది చూడు."

"కాలేదప్పా. మూడు."

"రెండే ఉన్నాయమ్మా, చూశానుగా."

ఆమె తల ఎత్తి నావైపు చూసింది. నొప్పితో కళ్లవెంట నీళ్లు కారుతున్నాయిగానీ గొంతులో తడబాటు లేదు. "నాయనా, ఒక పోగు లెక్క తప్పితే పడుగంతా తప్పిపోతాది. పదేండ్ల పిల్లప్పటినుంచి లెక్కపెట్టేదే నా పని. మూడు చుట్లు చుట్టినా. ఇంకొకటి లోపలుండాది. తియ్యి."

మళ్లీ వెతికాను. మొదటి రెండింటి కిందుగా, ఇంకా లోతుగా, ఎముకకు ఆనుకుని ఉంది మూడోది. అన్నిటికంటే బిగుసుకున్నది అదే. అది తెగగానే వేలు కొసకు రక్తం రావడం కళ్లారా చూశాను. ముందు గోరు మొదట్లో ఎరుపు, తర్వాత కొసదాకా. ఆ మూడోదాన్ని వదిలేసి నేను కట్టుకట్టి పంపి ఉంటే మర్నాటికి వేలు పోయేది. నేను రక్షించానని ఊళ్లో చెప్పుకున్నారు. రక్షించింది ఆమె లెక్క.

మరునాడు డాక్టరుగారు వచ్చారు. కట్టు విప్పి చాలాసేపు చూశారు. నా కోతను చూసి తల ఊపారు, అది మెచ్చుకోలే అయ్యుండాలి. తర్వాత ఆమెను అడిగారు. "ఎవరమ్మా నిన్ను కట్టుకోమన్నది?"

నేను ఆమె పక్కనే అయోడిన్ గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె నావైపు చూడనైనా చూడలేదు.

"ఎవరూ చెప్పలే సామీ. నేనే కట్టుకొన్నా," అంది.

డాక్టరుగారు ఒక్క క్షణం ఆగారు. నేను చెప్పడానికి అంత వ్యవధి చాలు. గిన్నెలో అయోడిన్ చూస్తూ ఉండిపోయాను. రిజిస్టరులో రోగి తనంతట తాను దారం కట్టుకున్నట్టు నా చేత్తోనే రాశాను. ఆ రోజునుంచి డాక్టరుగారు నాకొక కొత్త నియమం పెట్టారు. ఎవరికి వెంట్రుక కట్టినా, కట్టే ముందు ఒకసారి, కట్టాక ఒకసారి, ఇంట్లో కట్టుకోవద్దని గట్టిగా చెప్పాలి. కారణం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కొలువు దిగేదాకా ఆ మాట చెబుతూనే ఉన్నాను. కొత్తగా వచ్చిన డాక్టర్లు నాకు చాదస్తం అనుకునేవాళ్లు.

పట్టు పడుగు శుక్రవారం రానే వచ్చింది. ఆమె వేలు కట్టులో ఉంది. వర్తకుడి మనిషి గుమ్మంలోనే చూసి, బండిని పక్కవీధికి తోలించాడట. ఈ సంగతి నాకు మొగుడు చెప్పాడు, నిష్ఠూరం లేకుండా చెప్పాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

కట్టు మార్చడానికి నేను వాళ్లింటికే వెళ్లేవాణ్ణి. ఆమె నడిచి రాగలదు. నాకే ఊరుకోబుద్ధి కాలేదు. అక్కడ ఒకటి చూశాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ముగ్గురు కూర్చుని నూలు పడుగు అతుకుతున్నారు. మెలి జారకుండా వేళ్లకు బూడిద అద్దుకోవాలి. ముగ్గురికీ మధ్యన ఒకటే కొబ్బరిచిప్ప, అందులో తడిబూడిద. ముగ్గురి వేళ్లూ అందులోనే మునుగుతున్నాయి. పోగు ఒరుసుకుని వేళ్లకు సన్నటి గీతలు పడి ఉన్నాయి. ముగ్గురికీ పులిపిర్లు చూపుడువేలికీ బొటనవేలికీనే ఉన్నాయి.

"ఇవి ఎందుకొస్తాయి మీకు?" అని అడిగాను.

"కప్ప ఉచ్చ పడితే వస్తాదంట గదప్పా," అంది ఒక ముసలామె.

డాక్టరుగారికి చెబితే ఆయన పొడుం పీల్చి, "ముగ్గురికీ ఒకే వేలిమీద పోయడానికి ఆ కప్పకు వేరే పని లేదా?" అన్నారు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుతుందని, చర్మం గీరుకున్నచోట పట్టుకుంటుందని అప్పుడు చెప్పారు. అదేదో కంటికి కనబడనంత చిన్న క్రిమి పని అని చాలా ఏళ్ల తర్వాత ఇంకొక డాక్టరు చెప్పగా విన్నాను. నేను వీధికి వెళ్లి ఎవరి చిప్ప వాళ్లు పెట్టుకోండని, పులిపిరిని గిల్లవద్దు, కొరకవద్దని ఇంటింటా చెప్పాను. కొందరు విన్నారు. ముసలామె కప్పనే నమ్మింది.

ఆమె వేలు మానింది. గోరు వంకరగా వచ్చింది. కొసన స్పర్శ తిరిగి రాలేదు. స్పర్శ లేని వేలితో పోగు మెలిపెట్టడం కుదరదు. నడిమివేలితో అతకడం నేర్చుకుంది. పదేళ్ల వయసులో నేర్చుకున్న పనిని ముప్పై అయిదులో మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. పూర్వం ఒక పూటలో అతికే పడుగుకు రోజు పట్టేది. ఆ ఇంట మళ్లీ లుంగీలే నేశారు. నేనున్నంతకాలం పట్టు రాలేదు.

మూడేళ్ల తర్వాత నాకు మళ్లీ వేలూరికి మార్పు వచ్చింది. సామాను సర్దుకుంటుంటే ఆమె ఒక కొత్త లుంగీ తీసుకుని వచ్చింది. వద్దంటే వినలేదు. లుంగీ చేతికిస్తుంటే వేళ్లు చూశాను. బొటనవేలు నున్నగా ఉంది. చూపుడువేలి కొస కూడా నున్నగా ఉంది. పులిపిరి ఉన్న జాడే లేదు.

"మందు పూశావా అమ్మా?"

"యాడ పూసినానప్పా? ఆ సీసా అట్లనే ఉండాది. అమ్మోరికి ఉప్పూ మిరియాలూ పోస్తానని మొక్కుకొని ఊరుకొన్నా. ఏడాదికి అదే పోయింది." వేలు తిప్పి చూపించింది. కణుపు కింద వేలి చుట్టూ తెల్లటి గీత, సన్నటి ఉంగరంలాగా. "ఇదొకటే పోలే," అని నవ్వింది.

ఆమె నవ్వులో దెప్పడం లేదు. వరండాలో నేనన్న మాట ఆమెకు గుర్తులేదేమో అనుకుందామని చూశాను. గుర్తుంది. లెక్క మరిచిపోయే మనిషి కాదు. మొగుడితో కూడా నా మాట చెప్పలేదని, అందుకే అతను నిష్ఠూరమాడలేదని నాకు ఆ రోజే అర్థమైంది. నేను లుంగీ తీసుకుని, బాగున్నావా, మగ్గం బాగుందా అని అడిగి పంపేశాను.

ఆమె ఇప్పుడు లేదు. డాక్టరుగారూ లేరు. ఆ రిజిస్టరు ఏ చెదల పాలైందో తెలియదు. ఎవరమ్మా నిన్ను కట్టుకోమన్నది అని ఆయన అడిగారు. అయోడిన్ గిన్నె పట్టుకుని నిలబడ్డవాడు ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను. నేనే చెప్పానండీ.